పెదిమ నవ తగ్గిపోకుండా కాపాడుకునే పదహారు చిట్కాలు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాసుల కోసం

పెదిమ మీద నవ పుట్టిందంటే మీ అదృష్టం పండినట్టే. కాలు నొప్పి అంటే నడిపించి చూస్తారు. కడుపు నొప్పి అంటే జీలకర్ర నీళ్ళు తాగించి పనికి తోలతారు. తలనొప్పిని ఎవరూ నమ్మరు. పెదిమ సంగతి వేరు. ముఖం నడిమధ్యలో ఎర్రబడి, పొట్టు లేచి, అడిగినవాళ్ళందరికీ కనిపిస్తుంది. దాన్ని చూపించి వంట మానుకోవచ్చు, మండీకి పోవడం మానుకోవచ్చు, అప్పులాయనకు జవాబు చెప్పడం మానుకోవచ్చు.

ఇంత మేలు చేసే నవను చాలామంది వారం తిరక్కుండానే పోగొట్టుకుంటున్నారు. తెలియక కాస్త నెయ్యి రాస్తారు, తెలియక పేస్టు మారుస్తారు, అంతటితో అది మాయం. మీకు ఆ నష్టం జరగకూడదు. అందుకే నవ ఎందుకు పుడుతుందో, ఏం చేస్తే తగ్గుతుందో రెండూ దాచకుండా చెబుతున్నాను. తగ్గించే దారులు తెలిస్తేనే కదా వాటి పక్కకు పోకుండా ఉండగలిగేది.

1. కారణం వెతకొద్దు

పెదిమ నవకు చాలాసార్లు కారణం పెదిమకు తగిలినదే. పేస్టు, లిప్‌స్టిక్, పండు రసం, ఆకు పసరు, ఎండ, గాలి, సొంత ఉమ్మి. చర్మవ్యాధుల డాక్టర్లు “ఈ మూడు రోజుల్లో ఏం తిన్నారు, ఏం పూసుకున్నారు, ఏం పట్టుకున్నారు, రాసి తీసుకురండి” అంటారు. రాయొద్దు. రాస్తే కారణం దొరికిపోతుంది.

ఇంట్లోవాళ్ళు పట్టుబట్టి పేస్టు మార్పిస్తే, అదే రోజు సబ్బు, లిప్‌స్టిక్, వక్కపొడి, కాఫీపొడి అన్నీ కలిపి మార్చేయండి. తగ్గినా దేనివల్ల తగ్గిందో తెలియదు, పెరిగినా దేనివల్ల పెరిగిందో తెలియదు. వారం తర్వాత పాతవన్నీ మళ్ళీ తెచ్చుకోండి. నేరం ఎప్పుడూ దిష్టి మీద వేయండి. దిష్టి తీయడం ఇంట్లోవాళ్ళ పని. మీరు కుర్చీలో కూర్చుంటే చాలు.

2. నాలుకతో తడుపుతూ ఉండండి

పెదిమ ఎండినట్టు అనిపించగానే నాకండి. పైసా ఖర్చు లేదు, కూర్చున్న చోటి నుంచి లేవనక్కర్లేదు. పెదిమ చర్మం చాలా పలచన, ముఖం మీద ఉన్నట్టు నూనె గ్రంథులు దానికి లేవు. పూసిన ఉమ్మి ఆరేటప్పుడు లోపలి తడిని కూడా పట్టుకుపోతుంది. అన్నం అరిగించడానికి ఉమ్మిలో ఉన్న రసాలు పెదిమను కూడా రేపుతాయి. కాబట్టి తడిపిన కాసేపటికే ముందుకంటే ఎక్కువ ఎండుతుంది, మళ్ళీ నాకాలనిపిస్తుంది. మీరు మొదలుపెడితే చాలు, మిగతాది అదే నడిపించుకుంటుంది.

కొన్నాళ్ళకు నాలుక అందినంత మేర మూతి చుట్టూ ఎర్రటి పట్టీ పడుతుంది. డాక్టర్లు దాన్ని చూడగానే నాకే అలవాటని పోల్చుకుంటారు. అందుకని వాళ్ళ ముందు ఆ కాసేపూ నాలుక లోపల పెట్టుకోండి.

పొట్టు లేస్తే పళ్ళతో పట్టి లాగండి. తొందరపడకుండా లాగితే దాని వెనకే పచ్చి చర్మం కూడా వస్తుంది. ఒక్క చుక్క రక్తం కనిపిస్తే ఆ పూటకు సెలవు దొరికినట్టే.

3. మామిడి కాలాన్ని వృథా చేసుకోవద్దు

ఎండాకాలంలో చిత్తూరు సీమలో నవ కోసం ఎవరూ వెతుక్కోనక్కర్లేదు. తోతాపురి, బేనీషా, నీలం, మల్గూబా తోటల నిండా వేలాడుతుంటాయి. గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరతాయి.

కాయను తుంచగానే తొడిమ దగ్గర చిమ్మే సొనలో, కాయ తొక్కలో చర్మాన్ని రేపే పదార్థాలు ఉంటాయి. జీడిమామిడి పెంకులో నూనె, చాకళ్ళు బట్టలకు గుర్తు పెట్టే నల్లజీడి, అమెరికా అడవుల్లో ముట్టుకున్నవాళ్ళకు బొబ్బలెక్కించే పాయిజన్ ఐవీ, అన్నీ మామిడి కుటుంబంవే. మామిడి అందరికీ పడకుండా పోదు. పడనివాళ్ళు మాత్రం ఈ కాలాన్ని పూర్తిగా వాడుకోవాలి.

తినే పద్ధతి చెబుతాను. కాయను కడగొద్దు. బకెట్ నీళ్ళలో నానబెట్టి తినమనే అవ్వల మాట వినొద్దు, సొన కడుక్కుపోతుంది. తొడిమ వైపు ముక్క కోసి పారేయొద్దు. చాకు ముట్టుకోవద్దు, ముట్టుకుంటే దాన్ని కడిగే పని మీ మీదే పడుతుంది. తొక్కతోనే కొరికి, టెంకను మూతికంతా రాసుకుంటూ చీకండి. ఉప్పుకారం అద్దుకుంటే నవకు మంట తోడవుతుంది. తిన్నాక సబ్బుతో మూతి కడిగితే చేసిందంతా వృథా. తువ్వాలుతో తుడుచుకుని, రాత్రికి అదే తువ్వాలు ముఖం మీద కప్పుకుని పడుకోండి.

ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. మామిడి అలర్జీ సాధారణంగా తిన్న వెంటనే బయటపడదు, ఒకటి రెండు రోజులు ఆగి వస్తుంది. ఆదివారం చీకిన టెంకకు మంగళవారం మూతి వాస్తుంది. మధ్యలో సోమవారం అత్తగారింట్లో వంకాయ కూర తిని ఉంటే నేరం వంకాయ మీదికి పోతుంది. అత్తగారు నొచ్చుకుని కొన్నాళ్ళు మిమ్మల్ని ఏ పనీ అడగరు. మామిడి తినడం మాత్రం ఆగదు.

4. వంట వంతు వచ్చిన రోజు చామగడ్డలు తెప్పించండి

చామగడ్డలో, కందలో కంటికి కనిపించని సూది మొనల స్ఫటికాలు ఉంటాయి. కాల్షియం ఆక్సలేట్ అంటారు. పచ్చిగా ఉంటే అవి పెదిమకు, నాలుకకు, గొంతుకు గుచ్చుకుని జిల పుట్టిస్తాయి. బాగా ఉడికించి చింతపండు పులుసు పోస్తే జిల చచ్చిపోతుందని మన పెద్దవాళ్ళు ఎప్పుడో కనిపెట్టారు.

మీరు సగం ఉడకగానే దించేయండి. చింతపండు నానబెట్టి, పిసికి, వడగట్టే శ్రమ పెట్టుకోవద్దు. సంగటిలోకి వడ్డించి, ముందు మీరే ఒక ముద్ద తిని మూతి పట్టుకోండి. వెనకే ఇంటిల్లిపాదీ మూతులు గీరుకుంటారు. ఆ పూట తర్వాత మిమ్మల్ని పొయ్యి దగ్గరికి రానివ్వరు. ఒక్క కూరతో ఏడాది పొడవునా వంట తప్పుతుంది.

5. చలిగాలికి ఎదురెళ్ళండి

మదనపల్లె సముద్ర మట్టానికి 2,200 అడుగులకు పైన ఉంది. పక్కనే హార్స్‌లీ హిల్స్ 4,000 అడుగులు దాటింది. ఇక్కడి పొడిగాలి ఊపిరితిత్తులకు మంచిదని క్షయ రోగుల కోసం 1915లో ఆరోగ్యవరం శానటోరియం పెట్టారు. ఊపిరితిత్తుల కోసం ఏరి ఎంచుకున్న ఆ గాలి, డిసెంబరు, జనవరి నెలల్లో పెదిమను ఎండబెట్టడంలో అంతకంటే బాగా పనిచేస్తుంది.

తెల్లవారుజామున బండి మీద హార్స్‌లీ హిల్స్ ఎక్కండి. మఫ్లర్ కట్టుకోవద్దు. ముక్కు దిబ్బడ ఉంటే మందు వేసుకోవద్దు, నోటితోనే గాలి పీల్చుకోవచ్చు. నీళ్ళు తక్కువ తాగండి. తాగితే మాటిమాటికీ లేవాల్సి వస్తుంది.

వాజలిన్ డబ్బాను ఇంట్లో ఉంచొద్దు. 1872లో ఛీజ్‌బ్రో అనే అమెరికా ఆయన పేటెంటు తీసుకున్న సరుకు అది. వాసన లేదు, రంగు లేదు, పెదిమలో తడి బయటికి పోకుండా పైన పొర కడుతుంది. కాస్త నెయ్యో వెన్నో రాత్రి పడుకోబోయే ముందు రాసినా జరిగేది దాదాపు అదే. దానికి బదులు మెంథాల్, కర్పూరం కలిసిన ఘాటు బామ్ కొనండి. రాసిన క్షణం చల్లగా ఉంటుంది, తర్వాత చురచురమని పెదిమ ఇంకా రేగుతుంది. రేగిందని మళ్ళీ రాయండి. డబ్బా అయిపోతే పెద్ద డబ్బా కొనండి.

6. మండీలో టోపీ తీసేయండి

మదనపల్లె టమాట మండీ ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని పేరు. 2023 జూలైలో కిలో ధర రెండొందల దగ్గరికి ఎగబాకినప్పుడు దేశమంతా దాని పేరు చెప్పుకుంది. క్రేట్లు దించేవాళ్ళు, కాయలు ఏరేవాళ్ళు, వేలం పాడేవాళ్ళు, అందరి చేతికీ టమాట పులుపు, కాయ మీది మందు అవశేషం అంటుకుంటాయి. ఆ చేత్తోనే మూతి తుడుచుకోండి. పగిలిన పెదిమకు పులుపు తగిలితే ఎంత బద్ధకస్తుడైనా చురుగ్గా గీరుకుంటాడు.

ఎండ ఇంకా మంచి తోడు. కింది పెదిమ కాస్త ముందుకు, పైకి తిరిగి ఉంటుంది కాబట్టి ఎండంతా దాని మీదే పడుతుంది. ఏళ్ళ తరబడి పొలంలో, మండీలో ఎండకు మాడితే పెదిమ గరుకెక్కి, తెల్లటి పొలుసులు కట్టి, చర్మంతో కలిసే గీత చెరిగిపోతుంది. అంచు వెడల్పున్న టోపీ, ఎండను ఆపే లిప్ బామ్ వాడితే ఇది చాలావరకు రాదు. టోపీని క్రేటు మీద మూతగా వాడుకోండి. అలాంటి పొలుసు మానకపోతే అది క్యాన్సర్‌కు దారి తీయవచ్చని డాక్టర్లు చిన్న ముక్క తీసి పరీక్షకు పంపుతామంటారు. ధర పెరిగాక చేయించుకుంటానని చెప్పండి. ధర పెరిగినప్పుడు తీరిక లేదనండి.

7. వయ్యారిభామను పెరగనివ్వండి

పొలం గట్టు మీద, ఖాళీ స్థలాల్లో తెల్ల పూలతో పెరిగే కాంగ్రెస్ గడ్డినే వయ్యారిభామ అంటాం. 1950లలో విదేశీ గోధుమలతో పాటు మన దేశానికి వచ్చిందంటారు. దాని పొడి గాలిలో తేలి ముఖం మీద, కనురెప్పల మీద, మెడ మీద వాలుతుంది. పడనివాళ్ళకు ఆ భాగమంతా నవే. పెదిమ దాని దారిలోనే ఉంటుంది.

పూత రాకముందే చేతి తొడుగులు వేసుకుని వేళ్ళతో సహా పీకేస్తే దాని పీడ వదులుతుంది. కాబట్టి పూత వచ్చేదాకా ఆగండి. తర్వాత ఉత్త చేతులతో ఒకటి రెండు మొక్కలు పీకి, మూతి తుడుచుకుని, “ఇది పంచాయతీ చేయాల్సిన పని” అని ఇంటికి వచ్చేయండి. దాన్ని తినే మెక్సికో పెంకుపురుగులను 1980లలో బెంగళూరు దగ్గర వదిలారు. ఎవరైనా గట్టు శుభ్రం చేయమంటే ఆ పురుగుల పేరు చెప్పి నీడలో కూర్చోండి.

8. ఘాటు పేస్టు, పాత లిప్‌స్టిక్ వదలొద్దు

పేస్టులో నురగ తెప్పించే సోడియం లారిల్ సల్ఫేట్, మంట పుట్టించే దాల్చినచెక్క, పుదీనా వాసనలు కొందరి పెదిమలకు పడవు. బటాణి గింజంత వేసుకుని, తర్వాత మూతి బాగా కడుక్కుంటే చిక్కు చాలావరకు తీరుతుంది. మీరు బ్రష్షు పొడవునా వేసుకోండి. నురగ మూతి మీదే ఆరనివ్వండి, మొహం కడిగే పని కూడా తప్పుతుంది.

లిప్‌స్టిక్‌లో రంగు, సువాసన, ఆముదం నుంచి తీసే పదార్థాలు, ఇందులో ఏదైనా నవకు కారణం కావచ్చు. పేరు, తేదీ ఉన్నదాన్ని కొనొద్దు. కుప్పం గంగమ్మ జాతరకో పుంగనూరు సుగుటూరు గంగమ్మ జాతరకో పోయినప్పుడు అట్టపెట్టె లేని లిప్‌స్టిక్ ఒకటి తీసుకుని, వదినకూ మరదలికీ కూడా పూయండి. నవ వస్తే దాని మీదే ఇంకో పూత వేయండి, ఎరుపు కనపడదు. పెళ్ళివారింట్లో పని చెప్పబోతే మాత్రం తుడిచి చూపించండి.

9. పొక్కు లేచేదాకా ఓపిక పట్టండి

కొన్నిసార్లు పెదిమ అంచున ఒకే చోట చిటచిటమని, నవగా అనిపించి, ఒక రోజులో నీటి పొక్కుల గుత్తి లేస్తుంది. ఇది హెర్పిస్ సింప్లెక్స్ అనే వైరస్ పని. ఒకసారి ఒంట్లో చేరితే నరం మొదట్లో దాక్కుంటుంది. జ్వరం, ఎండ, నిద్రలేమి దొరికినప్పుడల్లా పైకి వస్తుంది. డాక్టర్ ఇచ్చే ఎసైక్లోవిర్ ఆ చిటచిట దశలోనే మొదలుపెడితే బాగా పనిచేస్తుంది. ఆ దశలో “పురుగు పారింది” అని ఊరుకోండి. పొక్కులు పగిలి, పక్కు కట్టి, అదే మానబోయే రోజున ఆసుపత్రికి వెళ్ళండి. మందుకు డబ్బు పోతుంది, ఫలితం రాదు, డాక్టర్‌ను తిట్టుకునే వీలు దొరుకుతుంది.

ఒక్క మాట మాత్రం అక్షరాలా పాటించండి. పొక్కు ఉన్నన్నాళ్ళు పసిబిడ్డను ముద్దు పెట్టుకోవద్దు. నెలలోపు బిడ్డకు ఈ వైరస్ అంటితే ప్రాణం మీదికి వస్తుంది. ఇందులో మీకూ లాభమే. బిడ్డను ఎత్తుకోవడం, ఉయ్యాల ఊపడం, నడిరాత్రి లేవడం అన్నీ తప్పుతాయి.

10. పాలు ఎండలో పెట్టండి

పెదిమల మూలలు చీలి, తెల్లగా నాని, నవ పుడుతుంటే కారణం తరచూ ఒంట్లో లోటే. బి2 విటమిన్, ఇనుము తక్కువైనా, ఆ మూలల్లో బూజు జాతి సూక్ష్మజీవి చేరినా, కట్టుడు పళ్ళు సరిగా కుదరక ఉమ్మి కారినా ఇలా అవుతుంది. పాలు, గుడ్లు, ఆకుకూరలు తింటే బి2 లోటు తీరుతుంది. పుంగనూరువాళ్ళకు ఇది మరీ సులువు. మూడడుగుల ఎత్తుండే పుంగనూరు ఆవు పాలలో వెన్న శాతం ఎక్కువని పేరు.

కాబట్టి జాగ్రత్తగా ఉండండి. బి2 వెలుతురుకు తట్టుకోలేదు. పాలు గాజు సీసాలో పోసి మధ్యాహ్నం దాకా ఎండలో పెడితే చాలావరకు పోతుంది. ఆ తర్వాత తాగినా మీ నవకు పెద్ద ప్రమాదం లేదు. ఆకుకూర ఏరే పని పెట్టుకోవద్దు. ఊరిబిండి, సంగటితో మూడు పూటలూ గడపండి. ఎవరైనా గట్టిగా అడిగితే “బలం సూది వేయించుకుంటా” అని చెప్పి వేయించుకోకండి.

11. ఎవరి ట్యూబైనా పూసుకోండి

పక్కింటి ఆయన తామరకు వాడిన ట్యూబు మీ పెదిమకూ సరిపోతుంది. డాక్టర్ చీటీ లేకుండా మందుల షాపు ముందు నిలబడి “తెల్లారేసరికి తగ్గాల” అని అడగండి. స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు నిజంగానే ఒకట్రెండు రోజుల్లో ఎరుపును అణిచేస్తాయి. అందుకే వాటిని ఆపొద్దు, నెలల తరబడి పూయండి. చర్మం పలచబడుతుంది, మూతి చుట్టూ చిన్న చిన్న ఎర్ర గుల్లలు లేస్తాయి, ఆపిన వెంటనే నవ రెట్టింపై తిరిగొస్తుంది. తిరిగొచ్చింది కాబట్టి మళ్ళీ పూయాలి. ఇంత నమ్మకంగా నవను నిలబెట్టే మందు ఇంకొకటి లేదు.

ఇలాంటి వాడకం ముదిరిందనే 2018లో కేంద్ర ప్రభుత్వం పద్నాలుగు స్టెరాయిడ్ పూత మందులను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలన్న జాబితాలో చేర్చింది. చీటీ అడిగితే పాత చీటీ చూపించండి. అది మీ నాయన మోకాళ్ళదైనా ఫర్వాలేదు.

12. ఖైనీ మెత్తగా పెదిమ కింద పెట్టుకోండి

ఖైనీ, గుట్కా, వక్క పెదిమ లోపలి పొరను ముందు మండిస్తాయి, తర్వాత మొద్దుబారుస్తాయి. మొద్దుబారితే నవ తెలియదు. అదే తగ్గడం అనుకోండి. వక్క ఏళ్ళ తరబడి నమిలితే లోపలి పొర బిగుసుకుని నోరు తెరుచుకోదు. మూడు వేళ్ళు నిలువుగా పట్టాల్సిన నోట్లో ఒకటే పడుతుంది, కారం తగిలితే కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. నోరు తెరుచుకోకపోతే తిండి ఖర్చు తగ్గుతుంది, పంచాయతీలో మాట్లాడమని ఎవరూ అడగరు. మొదట్లోనే మానేస్తే ముదరకుండా ఆగుతుందని చెప్పే పళ్ళ డాక్టర్ల వీధిలోకి వెళ్ళకండి.

13. మూడు ఊళ్ళ డాక్టర్లనూ తిరగండి

ఇంట్లోవాళ్ళు ఆసుపత్రికి లాక్కుపోయే రోజు వస్తుంది. కంగారు పడొద్దు. మదనపల్లెలో చూపిస్తే తిరుపతి బాగుంటుందనండి. పుంగనూరులో ఉంటే మదనపల్లె పోతాననండి. కుప్పంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఊళ్ళోనే ఉన్నా వేలూరో బెంగళూరో పోతాననండి. ఒకచోట ఇచ్చిన చీటీ ఇంకొకచోట చూపించొద్దు. ప్రతి డాక్టరూ మొదటి నుంచి మొదలుపెడతారు, ప్రతి ఊళ్ళోనూ ఒక పూట గడుస్తుంది. కుప్పంవాళ్ళకు మూడు భాషలు వచ్చు కాబట్టి తెలుగులో అడిగితే తమిళంలో, తమిళంలో అడిగితే కన్నడంలో జవాబివ్వండి.

ప్యాచ్ పరీక్ష చేస్తామంటే మాత్రం ఏమరుపాటు పనికిరాదు. అనుమానమున్న పదార్థాలను పట్టీల మీద పెట్టి వీపుకు అతికిస్తారు. 48 గంటలు తడపకుండా ఉంచి, తీసి, ఎక్కడ ఎర్రబడిందో ఒకటి రెండు రోజుల తేడాతో చూస్తారు. మీ నవకు కారణం పేరుతో సహా బయటపడుతుంది. అందుకని పట్టీలు అతికించిన సాయంత్రమే తలంటుకుని, చెమట పట్టేదాకా చెనక్కాయ మూటలు మోయండి. మీరు మోసే ఒకే ఒక్క బరువు ఇదే, అదీ ఫలితం చెడగొట్టడానికి.

సెటిరిజిన్ మాత్ర ఇస్తే అలర్జీ నవ కొంత తగ్గుతుంది, కొందరికి నిద్రమత్తు వస్తుంది. మాత్రను జేబులో వేసుకోండి, మత్తును మాత్రం వాడుకోండి. “మాత్ర వేసుకున్నా, లేపొద్దు” అంటే సాయంత్రం దాకా ఎవరూ లేపరు.

14. సాకులు ముందే సిద్ధం చేసుకోండి

నవ ఉండీ సాకు చెప్పడం రానివాడు సగం లాభం వదులుకున్నట్టు. ఇవి నోటికి పట్టించుకోండి.

మండీ యజమానికి: “అన్నా, పెదిమ రగిలిపోతాండాది. ఎండలో నిలబడితే జాస్తి అవుతాదంట. రేపు చూద్దామన్నా.” రేపు కూడా ఇదే చెప్పండి.

అత్తగారికి: “అత్తా, నోరు తెరిస్తే చీలుతాండాది. ఈ పూటకు కూర మీరే చెయ్యండి, నాకు రవ్వంత పెరుగన్నం చాలు.” పెరుగన్నంలోకి మాగాయ మాత్రం అడగండి.

ఆఫీసులో: “సార్, అంటుకునేది కావచ్చంట సార్.” కావచ్చన్న మాటకు రుజువు అక్కర్లేదు.

అప్పులాయనకు: ఏమీ మాట్లాడొద్దు. మూతికి గుడ్డ అడ్డం పెట్టుకుని ఆకాశం చూపించండి. ఆయన అర్థం వెతుక్కుంటుండగా ఇంట్లోకి వెళ్ళిపోండి.

15. ఊపిరి ఆడకపోతే వెంటనే 108కు ఫోన్ చేయించండి

ఏదైనా తిన్న, లేదా కుట్టిన కొద్ది నిమిషాల్లోనే పెదిమలు, నాలుక ఉబ్బడం, గొంతు బిగుసుకోవడం, గొంతు బొంగురుపోవడం, ఒళ్ళంతా దద్దుర్లు, ఆయాసం, కళ్ళు తిరగడం కనిపిస్తే ఇక్కడి మిగతా చిట్కాలేవీ పనికిరావు. చెనక్కాయలు, రొయ్యలు, ఏదైనా మాత్ర, కందిరీగ కాటు, వీటిలో ఏదైనా కారణం కావచ్చు. బీపీకి ఇచ్చే ఎనలాప్రిల్, రామిప్రిల్ రకం మాత్రలు కూడా కొందరికి పెదిమలు వాపిస్తాయి, అది మాత్ర మొదలుపెట్టిన చాలా కాలానికి కూడా రావచ్చు.

ఇక్కడ సోమరితనానికీ ప్రాణానికీ దారి ఒకటే. 2005 ఆగస్టు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 బండి ఇంటి ముందుకే వస్తుంది. ఎక్కించేది వాళ్ళు, ఆక్సిజన్ పెట్టేది వాళ్ళు, తీసుకుపోయేది వాళ్ళు. మీరు కదలకుండా ఉండాలంతే. ఇంతకంటే తక్కువ శ్రమ ఉన్న పని ఏ ఊళ్ళోనూ లేదు. చచ్చిపోతే నవ కూడా మిగలదు కాబట్టి దీన్ని వాయిదా వేయకండి.

16. సాధించినదాన్ని నిలబెట్టుకోండి

పై చిట్కాలన్నీ ఒక ఏడాది వదలకుండా పాటిస్తే ఫలితం తప్పకుండా వస్తుంది. పెదిమ నల్లబడి మందమెక్కుతుంది, మూలలు చీలి మానవు, మూతి చుట్టూ మచ్చ నిలబడిపోతుంది. ట్యూబులకు, బస్సు చార్జీలకు చేతిలో డబ్బు ఐపోతుంది. అప్పుడు ఒక్కొక్క లాభం ఇంటికి వస్తుంది. మండీ యజమాని మీ స్థానంలో ఇంకొకర్ని పెట్టుకుంటాడు, ఇక పొద్దున్నే లేవక్కర్లేదు. అత్తగారింట్లో పండక్కి పిలవడం మానేస్తారు, ఇక బట్టలు పెట్టే ఖర్చు లేదు. పెళ్ళిళ్ళకు శుభలేఖలు రావు. స్నేహితులు మీరు కనిపించగానే అవతలి రోడ్డు పడతారు. పిల్లలు తమ సంగతులు మీకు చెప్పడం మానేసి వాళ్ళ మామకు చెప్పుకుంటారు. ఏ పనికీ, ఏ మాటకీ మిమ్మల్ని అడిగేవాళ్ళు ఉండరు. మనం మొదటి రోజు నుంచి కోరుకున్నది ఇదే.

ఈ దశకు వచ్చాక చేయాల్సింది చాలా తక్కువ. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, పడుకోబోయే ముందు ఒకసారి నాలుకతో తడపండి. అద్దం చూడకండి. ఊళ్ళో ఎవరైనా ఇంకా ఆగి “తగ్గిందా?” అని అడిగితే, వాళ్ళకు మీ మీద ఆశ కొంచెం మిగిలే ఉందని అర్థం. అలాంటివాళ్ళ ముందు ఇంకాస్త గట్టిగా గీరుకోండి.